తప్పైందన్న రాజు, లెక్క చెప్పిన యముడు

మదనపల్లె కొండల్లో పుట్టే బాహుద, రాయచోటిని ఒరుసుకుంటూ పారే మాండవ్య, రెండూ కడకు చెయ్యేరు నీళ్ళై పెన్నకు చేరేవే. ఏడాదిలో సగానికి పైగా రెండింటిలోనూ ఇసుకే. పేర్లు మాత్రం మహాభారతంలోవి, విచిత్రంగా రెండూ దొంగతనం కేసులు. ఒకటి నిజంగానే పండు కోసుకు తిన్నవాడిది, ఇంకొకటి పుల్లముక్క కూడా తీయకుండా కొరత పడినవాడిది. మొదటివాడికి పోయిన చేతులు తిరిగొచ్చాయి. రెండోవాడి ఒంట్లో కొర్రు ముక్క ఉండిపోయింది. తప్పు, క్షమ, దేవుడి తీర్పు అనే మూడింటి గురించి మన కావ్యాలు ఏమంటాయో తేల్చుకోవడానికి ఈ రెండు ఏర్లు చాలు. కాణిపాకం పక్కన పారే ఏటికీ బాహుద అనే పేరే, అక్కడి స్థలపురాణంలోనూ చేతులు తిరిగొచ్చిన ఆ లిఖితుడి కథే. ఏది అసలు బాహుద అనే తగవులోకి నేను దిగను.

పీలేరు నుంచి రాయచోటి పోయే దారిలో ఉన్న కలకడలో ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెడదాం. ఒకరు పురాణం చెప్పే అయివారు, పెద్దాయన. ఇంకొకరు మదనపల్లె కోర్టులో వాదించే లాయరమ్మ, ఒకప్పుడు ఆయన దగ్గర తెలుగు చదువుకున్న పిల్ల. ఇద్దరూ కల్పితులే. వాళ్ళు తగువాడుకునే కథలు మాత్రం నేను కల్పించినవి కావు.

లాయరమ్మ: అయివారూ, శంఖలిఖితుల కథలో చేతులు మొలిచాయని మీరు చెప్పగానే జనం లేచి దండం పెడతారు. నా అభ్యంతరం ఆ దండం దగ్గరే. అన్న శంఖుడు ఇంట్లో లేనప్పుడు తమ్ముడు లిఖితుడు ఆయన తోటలో పండు తిన్నాడు. భారతంలో ఉత్త పండ్లే, మన చిత్తూరు వైపు నోళ్ళలో పడి అది మామిడిపండు అయింది, ఈ సీమలో ఇంకేం అవుతుంది లెండి. అన్న వచ్చి, ఇది దొంగతనం, రాజు దగ్గరికి పోయి శిక్ష అడుగు అన్నాడు. సుద్యుమ్న మహారాజు రెండు చేతులూ నరికించాడు. 1860 నాటి పీనల్ కోడ్ రాసినవాళ్ళు కూడా, మామూలు బుద్ధి ఉన్నవాడెవడూ ఫిర్యాదు చేయనంత చిన్న హాని నేరమే కాదని 95వ సెక్షన్‌లో పెట్టారు. ఇప్పటి చట్టంలో దొంగతనం కేసుకు సొమ్ముగలవాడు రాజీకొస్తే అక్కడితో సరి. ఒక పండుకు రెండు చేతులు అడిగిన ఋషి కన్నా మా లోక్ అదాలత్ నయం కాదా?

అయివారు: పాపా, నువ్వు తీర్పు మాత్రం చదివి, వాదోపవాదాలు వదిలేసినావు. ఆ కథలో ఫిర్యాది ఎవరో చెప్పు చూద్దాం. శంఖుడు రాజుకు కబురు పంపలేదు. భటులు రాలేదు. లిఖితుడే నడుచుకుంటూ పోయినాడు. రాజు మంత్రులతో ఎదురొచ్చి, ఏం కావాలన్నా ఇస్తానని మాటిచ్చినాడు. ఆ మాట పట్టుకొని లిఖితుడు శిక్ష అడిగినాడు. అప్పుడు సుద్యుమ్నుడు అచ్చం నీలాంటి వాదమే తీసినాడు. శిక్షించే అధికారం నాది అయితే క్షమించే అధికారమూ నాదే కదా, నువ్వు శుద్ధుడివే, ఇంకేదైనా కోరుకో అన్నాడు. మన రాజ్యాంగంలో రాష్ట్రపతికి 72వ అధికరణం, గవర్నరుకు 161వ అధికరణం ఇచ్చిన అధికారం అదే. ఆ క్షమాభిక్షను కాదన్నది నిందితుడే. చేతులు పోయినాక అన్న దగ్గరికొచ్చి తప్పు మన్నించమంటే శంఖుడు ఏమన్నాడు? నాకు నీ మీద కోపమే లేదు, నాకు నువ్వు చేసిన అపకారమూ లేదు, నీ ధర్మం నువ్వు తప్పినావు, దానికి ప్రాయశ్చిత్తం అయిపోయింది అన్నాడు. అంటే అన్న వైపు నుంచి క్షమ మొదట్నించీ ఉండనే ఉంది. కొదవైంది అది కాదు.

ఇక్కడ నేను ఒక్క మాట కలుగజేసుకుంటాను. అయివారు చూపించిన తేడా చిన్నదిగా కనబడుతుంది గానీ కథంతా దాని మీదే నిలబడింది. క్షమించడం దెబ్బ తిన్నవాడి పని. తప్పు తీరడం తప్పు చేసినవాడి పని. మొదటిది ఎంత ధారాళంగా దొరికినా రెండోదానికి బదులు కాదు. లిఖితుడు ఆఖర్న అడిగే ప్రశ్న ఇంకా పదునైనది. నీకింత తపశ్శక్తి ఉన్నప్పుడు, నన్ను మొదటే ఎందుకు శుద్ధి చేయలేదన్నాడు. నిన్ను శిక్షించే అధికారం నాది కాదు, అది రాజుది అని శంఖుడి జవాబు. చేతులు మొలిపించగలిగినవాడు కూడా తన కుర్చీ కానిదాంట్లో కూర్చోలేదు. ఏటి ఒడ్డున జరిగింది కాస్త దగ్గరగా చూడండి. శంఖుడు తమ్ముణ్ణి బాహుదలో దిగి దేవతలకు, ఋషులకు, పితృదేవతలకు తర్పణం వదలమన్నాడు. తర్పణానికి దోసిలి కావాలి. మొండి మణికట్లతో నీళ్ళలో దిగినవాడికి అది చేయరాని పని. అయినా మునిగి లేచి, లేని చేతులు చాచబోయాడు, అప్పుడు వచ్చాయి. చేతులొచ్చాక తర్పణం వదల్లేదు, తర్పణం వదలబోతే చేతులొచ్చాయి.

లాయరమ్మ: కథ బాగుంది, కాదనను. ఎవరికి చెప్పిన కథ అది? యుద్ధంలో అన్నదమ్ముల్ని, గురువుల్ని, తాతల్ని పోగొట్టుకొని, ఈ నెత్తుటి కూడు నాకొద్దు, అడవికి పోతానంటున్న ధర్మరాజుకు వ్యాసుడు చెప్పింది. ఎందుకు? దండం పట్టుకొని సింహాసనం ఎక్కమని. తప్పు చేశానని కుమిలిపోతున్న మనిషికి తప్పు ఒప్పుకున్నవాడి కథ చెప్పి, నువ్వు మాత్రం శిక్ష అడగొద్దు, శిక్షించు అన్నారు. శాంతిపర్వంలో నాకు అశాంతి కలిగేది అక్కడే. ఇంకో మాట. ఒప్పుకోలును మీరు నెత్తిన పెట్టుకుంటారు. మా వృత్తిలో మాకు దాన్ని చూస్తేనే అనుమానం. పోలీసుల ముందు ఒప్పుకున్నది సాక్ష్యంగా చెల్లదని 1872 సాక్ష్య చట్టంలోనే ఉంది, కొత్త చట్టంలోనూ ఉంది. ఎందుకంటే మనిషి చేత ఏదైనా ఒప్పించవచ్చు. నోరు మెదపనివాణ్ణి కూడా, ఒప్పుకున్నట్టే లెక్క అని కొరత వేయించవచ్చు. అందుకే నాకు మీ బాహుద కన్నా ఈ మాండవ్య దగ్గర.

అయివారు: మాండవ్యుడి కథ నీ నోటే చెప్పు, వింటాను.

లాయరమ్మ: ఆదిపర్వంలో ఉంది. ఆశ్రమం వాకిట్లో, చెట్టు కింద, రెండు చేతులూ పైకెత్తి మౌనవ్రతంలో ఉన్నాడు. దొంగలు భటులకు దొరక్కుండా సొమ్ము తెచ్చి ఆయన ఆశ్రమంలో దాచి, తామూ దాక్కున్నారు. భటులొచ్చి ఎటు పోయారని అడిగితే ఆయన పలకలేదు. వెతికితే సొమ్మూ దొరికింది, దొంగలూ దొరికారు. దొంగలతో కలిపి ఆయన్నీ కొరత వేశారు. కొర్రు మీద ఎన్నాళ్ళున్నా ప్రాణం పోలేదు. రాజుకు సంగతి తెలిసి పరుగెత్తుకొచ్చి కాళ్ళ మీద పడ్డాడు. కొర్రు లాగితే రాలేదు, పైన కోసేశారు. లోపల ముక్క ఉండిపోయి అణిమాండవ్యుడయ్యాడు. ఆ ముక్కతోనే నడిచి పోయి యమధర్మరాజును నిలదీశాడు, నేను చేసిన పాపమేమిటని. చిన్నప్పుడు పురుగుల తోకల్లో గడ్డిపోచలు గుచ్చావు, దాని ఫలమిది అన్నాడు యముడు. పద్దు పక్కాగా ఉంది. మాండవ్యుడు ఆ లెక్క ఒప్పుకోలేదు. ఇంత చిన్న తప్పుకు ఇంత శిక్షా అని యముణ్ణే శపించి, పద్నాలుగేళ్ళ లోపు ఏది చేసినా పాపం కాదని కొత్త కట్టుబాటు పెట్టాడు. మన చట్టంలో ఏడేళ్ళ లోపు పిల్లలు చేసింది నేరం కాదు, ఏడు నుంచి పన్నెండు లోపు తెలివిడిని బట్టి చూస్తారు. మాండవ్యుడు అంతకంటే ముందుకు పోయాడు. దేవుడి తీర్పును అప్పీలులో కొట్టేయించినవాడు నాకు ఇంకెవరూ కనబడలేదు.

అయివారు: అయితే నువ్వొకటి గమనించినావా? ఆయన్ని కొర్రెక్కించింది ఎవరు? రాజు. తప్పుడు తీర్పు చెప్పింది, సాక్ష్యం సరిగ్గా చూడనిది, మౌనాన్ని ఒప్పుకోలుగా పట్టింది రాజే. ఆ రాజును మాండవ్యుడు అక్కడికక్కడే మన్నించినాడు. శపించింది యముణ్ణి. ఎందుకంటావు? యముడు కొర్రు తాకను కూడా తాకలేదే!

ఈ ప్రశ్న ఇద్దరి వాదాన్నీ మలుపు తిప్పుతుంది కాబట్టి ఇక్కడ కొంచెం నిలబడదాం. మామూలు న్యాయంలో చేతులారా చేసినవాడికి ఎక్కువ శిక్ష, లెక్క రాసుకున్నవాడికి తక్కువ. మాండవ్యుడి దగ్గర తలకిందులైంది. రాజు, తెలియక చేశాను, తప్పైంది, మన్నించమన్నాడు. యముడు, జరిగింది సబబే, లెక్క సరిపోయింది అన్నాడు. క్షమ దొరికింది తప్పు చేసి తప్పైందన్నవాడికి, దొరకనిది తప్పును సమర్థించుకున్నవాడికి. లిఖితుడి కథను ఈ వెలుగులో చూస్తే, ఆ పండు చిన్నదా పెద్దదా అన్న లాయరమ్మ ప్రశ్న కొంత సడలుతుంది. ఆకలేసింది, అన్న తోటే కదా అని లిఖితుడు ఒక్క మాట అని ఉంటే అతన్ని ఎవరూ పెద్దగా తప్పు పట్టేవాళ్ళు కాదు. ఆ ఒక్క మాట అతడు అనలేదు. రెండు కథలూ తప్పు బరువును తూచేది దాని పరిమాణంతో కాదు, దాన్ని సమర్థించుకున్నారా లేదా అనేదానితో. బైబిల్లోని యోబు గ్రంథంలోనూ ఇంతే. నీకు కష్టమొచ్చిందంటే నువ్వు పాపం చేసే ఉంటావు అని దేవుడి తరఫున లెక్క కట్టి చెప్పిన స్నేహితులకే చివాట్లు పడ్డాయి. ఎదురు తిరిగి అడిగిన యోబు చేతే, వాళ్ళ కోసం ప్రార్థన చేయించాడు దేవుడు. యోబుకు కారణం మాత్రం చెప్పలేదు. మాండవ్యుడికి కారణం దొరికింది, అది చాలదని తేల్చే అధికారమూ దొరికింది.

లాయరమ్మ: మీరిద్దరూ కలిసి నన్ను ఒడ్డుకు లాగుతున్నట్టున్నారు, ఇంకా రాలేదు నేను. రాజు తప్పైందన్నాడు, బాగుంది. ఆ తప్పైందన్నదాని ఖరీదెంత? కొర్రు ముక్క ఎవరి ఒంట్లో ఉంది? పెద్దవాళ్ళు తప్పైందంటే సరిపోయేటట్టయితే, రోజూ ఎంతమంది లెంపలేసుకొని బయటపడరు? కాణిపాకం పోయి తడిబట్టలతో వినాయకుడి ముందు ప్రమాణం చేస్తామనేవాళ్ళను చూస్తుంటాం. ప్రమాణానికి భయపడి నిజం కక్కేవాళ్ళున్నారు, భయపడకుండా అబద్ధం మోసేవాళ్ళూ ఉన్నారు. 1866లో దోస్తోయెవ్‌స్కీ రాసిన నవలలో రస్కోల్నికోవ్ పోలీసు స్టేషన్‌కు పోయి హత్య తానే చేశానని ఒప్పుకుంటాడు, ఎనిమిదేళ్ళ శిక్ష పడి సైబీరియా పోతాడు. అయినా అక్కడ చాలాకాలం అతనికి పశ్చాత్తాపమే పుట్టదు. నోరు ఒప్పుకున్నంత మాత్రాన మనసు ఒప్పుకున్నట్టు కాదు.

అయివారు: ఖరీదు సంగతి నువ్వన్నది నిజమే. క్షమించినంత మాత్రాన ముక్క బయటికి రాలేదు. అణి అంటే ఆ ముక్కే, అది ఆయన పేరుకే అంటుకుపోయింది. కథ చెప్పినవాడు దాన్ని కప్పిపుచ్చలేదు. మన్నించినవాడు గాయం మానినవాడు కాదని ఇంతకంటే గట్టిగా ఎట్లా చెప్తారు? ఇంక మనసు సంగతి. అందుకే శంఖుడు చేతులు రాకముందే, ఇంకెప్పుడూ అధర్మం మీద మనసు పోనివ్వకు అని చెప్పి ఏటికి పంపినాడు. శిక్ష అయినాక కూడా పని మిగిలే ఉంది. అజామిళుడి కథ మీద కూడా నీలాంటివాళ్ళు ఇదే ఆక్షేపణ చేస్తారు, చచ్చేముందు కొడుకును నారాయణా అని పిలిస్తే పాపాలన్నీ పోయినాయా అని. ఆ కథ భాగవతం ఆరో స్కంధంలోది, తెలుగులో దాన్ని రాసింది పోతన కాదు, ఏర్చూరి సింగన. అందులో అజామిళుడు ఆ పిలుపుతోనే నేరుగా వైకుంఠానికి పోడు. యమదూతలు, విష్ణుదూతలు వాదించుకుంటారు, అదీ మన మాదిరి సంవాదమే. దాన్ని విని అజామిళుడు బతుకుతాడు, చేసినదంతా తలుచుకొని సిగ్గుపడతాడు, ఇల్లు వదిలి గంగాద్వారానికి పోతాడు. పేరు పలికింది ఒక క్షణమే. తరువాతి నడక చాలా దూరం.

లాయరమ్మ: ఆ నడక మాట ఒప్పుకుంటాను. కానీ మాండవ్యుడి శాపంలో నాకు ముల్లులా గుచ్చుకునేది ఇంకొకటుంది, మీరు పురాణంలో దాన్ని గబగబా దాటేస్తారు. యముణ్ణి శూద్రయోనిలో పుట్టమన్నాడు, అట్లా విదురుడు పుట్టాడు. శిక్ష ఎక్కువైందని దేవుడి మీద గొడవపడినవాడు, ఒక పుట్టుకనే శిక్షగా వాడాడు. ఆ పుట్టుకలో పుట్టినవాళ్ళంతా ఏ గడ్డిపోచ గుచ్చినందుకు పుట్టారు? తీర్పును కొట్టేసినవాడే ఆ తీర్పు పుట్టిన పద్దుల పుస్తకాన్ని ఇంకొకరి మీద తెరిచాడు.

అయివారు: దానికి నా దగ్గర జవాబు లేదు, పాపా. గబగబా దాటేది కూడా అందుకే. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ విదురుడు ఏం చేసినాడో చూడు. జూదం పెట్టొద్దన్నాడు, వినలేదు. ద్రౌపదిని సభకు తెచ్చినప్పుడు ఇది అధర్మమన్నాడు, వినలేదు. ఉద్యోగపర్వంలో రాత్రంతా ధృతరాష్ట్రుడికి నీతి చెప్పినాడు, తెల్లారేసరికి అదంతా గాలికి పోయింది. అందరి తీర్పులూ రాసే ధర్మదేవత, తీర్పు తెలిసీ అమలు చేసే కుర్చీ లేకుండా ఒక బతుకంతా గడిపినాడు. కుర్చీలో ఉన్నవాడికి ఇంతకంటే తగిన శిక్ష నాకు తోచదు. శిక్ష తగినదే, దానికి వాడిన పుట్టుక తగనిది. ఈ రెంటినీ కలిపి చెప్పాలి, ఇన్నాళ్ళూ నేను చెప్పలేదు.

లాయరమ్మ: ఇంతదాకా వచ్చారు కాబట్టి కింది ఊళ్ళ సంగతి కూడా చెప్పుకుందాం. ఇదే చెయ్యేరు దిగువన అత్తిరాల ఉంది. తల్లిని చంపిన పరశురాముడి హత్యాపాపం రాలిపోయింది అక్కడేనని, హత్యరాలే అత్తిరాల అయిందని చెబుతారు. ఆ ఏరే 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెంచుకొని పులపత్తూరు, మందపల్లె, తొగూరుపేటల మీద పడింది. మనుషులు పోయారు, ఇళ్ళు పోయాయి, పొలాల్లో ఇసుక మేట వేసింది. అప్పుడు ఎంతమంది నోట విన్నాం, దైవ నిర్ణయం, రాసిపెట్టి ఉంది, ఏం చేస్తాం అని? ఆ మాట యముడి జవాబు కాదా? లెక్క సరిపోయింది అనడమే కదా?

అయివారు: అవును, యముడి జవాబే. మునిగినవాడు తనకు తాను చెప్పుకుంటే అది ఓదార్పు, కాదనను. కట్టకు, గేట్లకు జవాబు చెప్పాల్సిన కుర్చీ ఆ మాటంటే, అది తప్పించుకోవడం. మాండవ్యుడు కర్మ అని ఊరుకోలేదు. ఏ పాపానికి, ఏ లెక్కన అని పోయి అడిగినాడు. కర్మను నమ్మినవాడే అడిగినాడని మరిచిపోవద్దు. మనవాళ్ళు కర్మను చెప్పినంతగా మాండవ్యుణ్ణి చెప్పకపోవడం మా పౌరాణికుల తప్పే.

ఇక్కడితో ఇద్దరికీ రాజీ కుదిరిందనుకుంటే పొరపాటు. ఒప్పుకోలును అయివారు ఇప్పటికీ శుద్ధి అనే అంటారు. ఒప్పుకోలు మొదటి మెట్టే, ముక్క తీసేదెవరన్నది అసలు కేసు అని లాయరమ్మ అంటుంది. నాకు మాత్రం ఈ రెండు కథల్ని విడదీసి చెప్పుకోవడంలోనే తిరకాసుందని తోస్తుంది. బాహుద ఒక్కటే చెబితే శిక్షంటే ఇష్టపడే మనుషులు తయారవుతారు, పెద్దవాళ్ళకు అది చాలా సుఖం. మాండవ్య ఒక్కటే చెబితే, ప్రతివాడూ తాను కొర్రెక్కినవాణ్ణే అనుకుంటాడు, పండు తిన్నవాడు ఎక్కడా దొరకడు. ఈ రెండూ కలిసి కనబడే చోటూ ఉంది. కుప్పం, పుంగనూరు వైపు ధర్మరాజుల గుళ్ళలో పద్దెనిమిది నాళ్ళు భారతం నడిపి, మట్టితో చేసిన దుర్యోధనుడి తొడ విరిచి, ఆ సాయంత్రమే నిప్పుల గుండం తొక్కుతారు. పగవాడికి తీర్పు అయిపోయాక గెలిచినవాళ్ళ పక్షం వాళ్ళే నిప్పుల మీద ఎందుకు నడవాలో ఎవరూ వివరించి చెప్పరు. నడుస్తారంతే.

అయివారు: చివరగా ఒకటి విను. అజామిళుడి కథ అయిపోయినాక యముడు తన దూతల్ని పిలిచి బుద్ధి చెప్తాడు. ఆపైన తానే, మావాళ్ళ వల్ల అపరాధం జరిగింది, మన్నించమని వేడుకుంటాడు. ఆదిపర్వంలో లెక్క చెప్పిన నోరే భాగవతంలో తప్పైందంది. నీ మాండవ్యుడి కేసు అక్కడ తేలినట్టే కదా?

లాయరమ్మ: ఎవర్ని వేడుకున్నాడు, మాండవ్యుణ్ణా?

అయివారు: లేదు. నారాయణుణ్ణి.

లాయరమ్మ: పై అధికారికి చెప్పుకున్నాడన్నమాట. కొర్రు దిగింది ఎవరి ఒంట్లో? మన్నించాల్సింది ఎవరు? విదురుడిగా పుట్టి శిక్ష అనుభవించాడనకండి. క్షమ వేరు, శిక్ష వేరని మీరే అన్నారు. ఆ కేసు ఇంకా పెండింగే, అయివారూ.